‘వెలుగు’నా, ‘వెలిగించు’నా?

నకిరేకల్ మిత్రుడు: డిగ్రీలో మా కెమిస్ట్రీ సార్ పాలిమర్ (పొడవాటి అణుగొలుసు)తో డీఎన్‌ఏను పట్టే సెన్సర్ల పాఠంలో ఒక ద్విపద చదివేవారు. ‘ఆవేశమున్నదే అతుక్కుంటది, జోడైన దారమే సోకితే...’ చివరి మాట ‘వెలుగు’నా, ‘వెలిగించు’నా? వారం నుంచి ఇదే టెన్షన్.

గద్వాల పెద్దాయన: ముందు మొదటి పాదం బాగుచేయండి. ద్విపద పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. ‘అతుక్కుం’లో లఘువు తర్వాత వెంటనే గురువు. అలా మొదలయ్యే ఇంద్రగణమే లేదు. ‘అంటుకుంటుంది’ అనండి. గణాలు వరసగా త, ర, ర, హ. మొదటి గణం ‘ఆ’కు మూడో గణం ‘అం’తో యతి కూడా కుదిరింది. రెండో పాదం చివర సూర్యగణమే రావాలి కాబట్టి ‘వెలుగు’. అయిపోయింది.

మిర్యాలగూడ మేడమ్: ఎక్కడ అయిపోయింది సార్? రెండు పాదాల్లో రెండో అక్షరం కలిసే ప్రాస ఏది? ఒకచోట ‘వే’, ఒకచోట ‘డై’.

గద్వాల పెద్దాయన: మంజరీ ద్విపదమ్మా. ప్రాస అక్కర్లేదు.

దేవరకొండ లెక్చరర్: గణం నిలబడింది గానీ కెమిస్ట్రీ పడిపోయింది. 2002లో గేలార్డ్, హీగర్, బజాన్ చూపించిన పద్ధతిలో మనం చూసే వెలుగు పాలిమర్‌ది కాదు. డీఎన్‌ఏను పట్టే ప్రోబ్‌గా పెట్టేది పీఎన్‌ఏ, అంటే డీఎన్‌ఏను పోలిన కృత్రిమ పోగు. దానికి ఆవేశం లేదు, చివర ఫ్లోరెసీన్ అనే వెలిగే రంగు తగిలించి ఉంటుంది. సరైన డీఎన్‌ఏ జోడు కట్టినప్పుడే దాని ఫాస్ఫేట్ల రుణావేశం అక్కడికి చేరుతుంది, ధనావేశమున్న పాలిఫ్లోరీన్ రకం పాలిమర్ వచ్చి అంటుకుంటుంది. గొలుసు పొడవునా పట్టుకున్న కాంతిశక్తిని ఆ ఒక్క ఫ్లోరెసీన్‌కు అందిస్తుంది. సెన్సర్ సున్నితత్వమంతా అక్కడే. దూరం రెట్టింపైతే బదిలీ వేగం 64వ వంతుకు పడిపోతుంది, అందుకే ‘సోకితే’ అన్న మాట బ్రహ్మాండం. అయితే పాలిమర్ చేసేది వెలిగించడం.

నకిరేకల్ మిత్రుడు: సార్ చెప్పింది పాలిథయోఫీన్ అనే ఇంకో పాలిమర్ గురించేమో అన్నా.

దేవరకొండ లెక్చరర్: అట్లైతే లెక్లెర్క్ బృందం పద్ధతి. డీఎన్‌ఏ ఒంటి పోగుతో కలిస్తే పాలిమర్ ఎర్రబడి వెలుగు తగ్గుతుంది, జోడు పోగు కుదిరితే పసుపుకు తిరిగి తానే వెలుగుతుంది. అక్కడ ‘వెలుగు’ కూడా చెల్లుతుంది.

మునుగోడు తమ్ముడు: మాకు నీళ్లలో ఫ్లోరిన్ చాలదా, సెన్సర్లలో పాలిఫ్లోరీన్ కూడానా?

దేవరకొండ లెక్చరర్: ఫ్లోరీన్‌లో ఫ్లోరిన్ లేదు తమ్ముడూ, ఉన్నది కార్బన్, హైడ్రోజన్. ఊదారంగు ప్రతిదీప్తి (ఫ్లోరెసెన్స్) చూసి ఆ పేరు పెట్టారు. ‘ఫ్లోరెసెన్స్’ అన్న మాటను 1852లో స్టోక్స్ ఫ్లోర్‌స్పార్ రాయి పేరు మీద కట్టాడు. మన బావుల్లోకి ఫ్లోరైడ్ వదిలే రాళ్లలో అదీ ఒకటి.

గద్వాల పెద్దాయన: మంజరి అన్నాను గానీ నాకు అదంటే చిన్నచూపే. మా వర్ధమానపురం గోన బుద్ధారెడ్డి అంత రంగనాథ రామాయణాన్నీ ప్రాస వదలకుండా నడిపాడు.

మిర్యాలగూడ మేడమ్: ‘రంగనాథ’ అని పేరుండగా బుద్ధారెడ్డిది ఎట్లా అయింది సార్?

గద్వాల పెద్దాయన: మళ్లీ మొదలుపెట్టారా! అవతారిక (పీఠిక) తీసి చదవండి, తండ్రి విఠలుని పేర రాస్తున్నానని తనే చెప్పుకున్నాడు.

మిర్యాలగూడ మేడమ్: చదివాను. విఠలుడికీ రంగనాథుడికీ లంకె ఎక్కడుందో మీరే చూపించండి.