వ్యంగ్య వార్తలు చూస్తే ఓటరు మనసు మారుతుందా? తిరుపతిలో చిన్న ప్రయోగం ఎట్లా చేయాలి?

అలిపిరి_జర్నలిజం:
అందరికీ నమస్కారం. టీవీ వ్యంగ్య వార్తలు కొత్త ఓటర్ల రాజకీయ అభిప్రాయాన్ని ఎంత మారుస్తాయన్నది నా పీజీ ప్రాజెక్టు. తిరుపతిలో డిగ్రీ చదివే 60 మందిని తీసుకుందామనుకుంటున్నా. బీఏ సెక్షన్‌లో 30 మందికి తీన్మార్ వార్తల ధోరణిలో ఉన్న క్లిప్, బీకాంలో 30 మందికి అదే విషయం మీద మామూలు బులెటిన్ చూపిస్తాను. విషయం 2025 సీజన్‌లో తోతాపురి మామిడి ధర. ముందూ వెనకా ఒకే ప్రశ్నావళి ఇచ్చి, నాయకుడి మీద అభిప్రాయం మారిందా లేదా చూస్తాను. ఇది నిలబడుతుందా? ఎక్కడ దెబ్బ తింటుంది?

స్వర్ణముఖి_గట్టు:
విషయం బాగుంది, పద్ధతి మాత్రం నిలబడదు. సెక్షన్ల వారీగా పంచొద్దు. బీఏకీ బీకాంకీ ముందే తేడాలుంటాయి, ఆఖర్న వచ్చే తేడా క్లిప్‌దో సెక్షన్‌దో చెప్పలేవు. రెండు సెక్షన్ల రోల్ నంబర్లూ కలిపి చీటీలు తియ్యి.

గ్రూపులు మూడు ఉండాలి. ఒకటి వ్యంగ్యం, ఒకటి మామూలు వార్త, ఇంకొకటి రాజకీయంతో సంబంధం లేని వీడియో. మూడోది లేకపోతే మార్పు వ్యంగ్యం వల్లనా, ఆ వార్త వినడం వల్లనా తేలదు.

ఇక సంఖ్య. గ్రూపుకు 30 మందితో చాలా పెద్ద తేడా ఉంటేనే పట్టుబడుతుంది. మధ్యరకం తేడా (స్టాండర్డ్ డీవియేషన్‌లో, అంటే మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలో, సగం) పట్టాలంటే, 80 శాతం పవర్‌తో (అంటే తేడా నిజంగా ఉంటే నూటికి 80 సార్లు దొరికేలా) గ్రూపుకు 64 మంది కావాలి. అంటే మూడింటికి 192. ఒక్క క్లిప్‌తో వచ్చే మార్పు సాధారణంగా ఇంకా చిన్నదే. అదే కొలతలో 0.3 వంతు తేడా పట్టాలంటే గ్రూపుకు 176 మంది అవుతారు. అంతమంది దొరక్కపోతే "తేడా లేదు" అని రాయొద్దు, "ఈ నమూనాతో తేల్చలేకపోయాం" అని రాయి.

ముందు ప్రశ్నావళిని క్లిప్‌కు అయిదు నిమిషాల ముందు ఇస్తే, ఏం అడగబోతున్నావో వాళ్ళకు తెలిసిపోతుంది. వారం ముందే ఇచ్చెయ్యి. నాయకుడి ప్రశ్నను సినిమా, క్రికెట్, హాస్టల్ భోజనం ప్రశ్నల మధ్యలో పెట్టు.

బంగారుపాళ్యం_తోట:
స్వర్ణముఖి చెప్పినవన్నీ సరే. దానికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది తల్లీ: నువ్వు కొలిచేది ఏంటి? "అభిప్రాయం మారడం" అనే ఒక్క మాటలో నాలుగు వేరువేరు పనులున్నాయి. నవ్వు వచ్చిందా, చెప్పింది అర్థమైందా, కొత్త సంగతి తెలిసిందా, నాయకుడి మీద మార్కు తగ్గిందా. ఒకటి జరిగినంత మాత్రాన మిగతావి జరిగినట్టు కాదు.

అమెరికాలో బామ్‌గార్ట్‌నర్, మోరిస్ 2006లో అచ్చు వేసిన అధ్యయనం చూడు. కాలేజీ పిల్లలకు 2004 అధ్యక్ష ఎన్నికల మీద డెయిలీ షో అనే టీవీ వ్యంగ్య వార్తల క్లిప్‌లు చూపించారు. పోటీలో ఉన్న బుష్‌కూ కెర్రీకీ ఇద్దరికీ మార్కు తగ్గింది, ఎన్నికల వ్యవస్థ మీదా మీడియా మీదా నమ్మకం తగ్గింది. కానీ "రాజకీయం నాకు అర్థమవుతుంది" అనే ధీమా పెరిగింది. ఒకే ప్రశ్న అడిగి ఉంటే ఇందులో సగం కనిపించేదే కాదు.

2009లో లామార్, ఆమె సహ పరిశోధకులు 332 మందికి, టీవీలో సంప్రదాయవాది వేషం కట్టి వ్యంగ్యం చేసే కోల్బర్ట్ క్లిప్ చూపించారు. అన్ని పక్షాలవాళ్ళకూ నవ్వొచ్చింది. కానీ ఆయన జోకు వేస్తున్నట్టు నటిస్తున్నాడు, లోపల అదే నమ్ముతాడు అని అనుకోవడం, మిగతావాళ్ళకంటే సంప్రదాయవాదుల్లో ఎక్కువగా కనిపించింది. అందుకే "నవ్వొచ్చిందా" అని అడిగి ఆగిపోకు. "ఈ వీడియో చేసినవాళ్ళు ఏం చెప్పదలచుకున్నారు? ఒక్క వాక్యంలో రాయండి" అని అడుగు. ఆ జవాబుల్ని ఇద్దరు విడివిడిగా వర్గీకరించాలి, ఒకరి లెక్క ఇంకొకరు చూడకూడదు.

తెలిసిన సంగతి కొలవడానికి తోతాపురి చక్కగా పనికొస్తుంది. కిలోకు 12 రూపాయలని ప్రకటించారు, అందులో గుజ్జు ఫ్యాక్టరీలు 8, ప్రభుత్వం 4 ఇవ్వాలి. "ప్రభుత్వ వాటా ఎంత?" అన్నదానికి జవాబు ఒక్కటే, వాదన లేదు. అయితే బంగారుపాళ్యం, దామలచెరువు వైపు పిల్లల ఇళ్ళల్లో మామిడి తోటలుంటాయి. వాళ్ళ అభిప్రాయం మండీలోనే తయారై ఉంటుంది, నీ క్లిప్ కదిలించేది తక్కువ. "ఇంట్లో మామిడి తోట ఉందా?" అన్న ప్రశ్న వారం ముందు ఫారంలోనే పెట్టు.

ఇంకో మాట. చూసిన వెంటనే "జోకే కదా" అని పక్కన పెట్టేసిన మాట, కొన్నాళ్ళకు జోకు సంగతి మరుపుకొచ్చి మాట మాత్రం మిగిలి పనిచేయవచ్చు. నాబీ బృందం 2007లో చూపింది దాదాపు ఇదే. వారం తర్వాత నాలుగే ప్రశ్నలతో మళ్ళీ అడుగు. ఆ రెండోసారికి కొందరు రారు, కాబట్టి మొదటే ఓ 20 శాతం ఎక్కువ మందిని తీసుకో.

కపిలతీర్థం_కెమెరా:
క్లిప్ గురించి ఎవరూ అనలేదు, అసలు చిక్కు అక్కడే ఉంది. టీవీలో వచ్చినదాన్ని యథాతథంగా వాడొద్దబ్బా. లోగో కనిపిస్తే చాలు, మనవాళ్ళు ఛానల్‌ది ఏ పార్టీయో లెక్కేసుకుంటారు. తర్వాత యాస. తీన్మార్ ధోరణి తెలంగాణ మాటతో నడుస్తుంది. చిత్తూరు పిల్లలకు ఆ మాట తీరుకే సగం నవ్వొస్తుంది. మామూలు బులెటిన్ పుస్తక భాషలో ఉంటే, నువ్వు కొలిచేది యాస తేడానే.

నువ్వే రికార్డు చెయ్యి. ఒకే యాంకర్, ఒకే చొక్కా, ఒకే వెనక తెర, రెండింటిలోనూ చిత్తూరు మాటే. ముందు ఏడు నిజాలు కాగితం మీద రాసుకో. రెండు స్క్రిప్టుల్లోనూ ఆ ఏడూ అదే వరుసలో రావాలి. వ్యంగ్యం దానికి ఎగతాళి, ఎత్తిపొడుపు మాత్రమే కలపాలి, కొత్త ఆరోపణ కలపకూడదు. నాలుగు నిమిషాలు చాలు. ఎగతాళి వల్ల నిడివి పెరిగితే, మామూలుదాంట్లో మార్కెట్ విజువల్స్ వేసి సమానం చెయ్యి. వెనక నవ్వుల శబ్దం పెట్టొద్దు. అసలు ప్రయోగంలో లేని పదిమందికి ముందు చూపించు. అది వ్యంగ్యమని సగంమంది కనిపెట్టలేకపోతే స్క్రిప్టు మార్చాల్సిందే.

హాల్లో అందరికీ ఒకేసారి వేస్తే ఒకరి నవ్వు ఇంకొకరికి అంటుకుంటుంది. అప్పుడు 64 విడి జవాబులుండవు, ఒక గుంపు జవాబే ఉంటుంది. కంప్యూటర్ ల్యాబ్‌లో, హెడ్‌ఫోన్లతో, ఎవరి తెర వాళ్ళకు.

అలిపిరి_జర్నలిజం:
చాలా థాంక్స్ అన్నా, అందరికీ. గ్రూపుకు 64 పెట్టుకుని, ముందస్తు 20 శాతంతో కలిపి 231 మందిని అడుగుతాను. నాయకుడి పేరు నేరుగా పెట్టచ్చా? వాళ్ళ పార్టీ ఏదో అడగచ్చా?

స్వర్ణముఖి_గట్టు:
పేరు పెట్టచ్చు, 0 నుంచి 10 వరకు మార్కు వేయించు. రెండు పక్షాల నాయకుల్నీ అడుగు, ఒక్కరినే అడిగితే నువ్వు ఎటువైపో ఊహించేస్తారు. పార్టీ ప్రశ్న వారం ముందు ఫారంలోనే ఉండాలి, "చెప్పదలచుకోలేదు" అనే గడితో. పేరూ ఫోన్ నంబరూ తీసుకోకు. మూడు ఫారాలూ కలపడానికి వాళ్ళే పెట్టుకున్న నాలుగక్షరాల గుర్తు చాలు, అదే గుర్తు ఇద్దరికి పడకుండా పుట్టిన తేదీలో రోజు కూడా కలపమను. 18 నిండినవాళ్ళే, రాతపూర్వక అంగీకారంతో. ఎన్నికల కోడ్ అమల్లో ఉంటే వాయిదా వెయ్యి. చివరి ఫారం అయ్యాక ఆ ఏడు నిజాలూ ఒక కాగితం మీద అందరికీ ఇవ్వు, మూడో గ్రూపుతో సహా.