350 బ్లాకులో 3.75 అంగుళాల క్రాంక్: ముందు గ్రైండింగా, బ్యాలెన్సింగా?

ప్రశ్న (డాలస్ నుంచి)

అందరికీ నమస్కారం. 1978 నాటి షెవ్రొలే 350 ఇంజన్‌ను మా గ్యారేజీలో 383గా (రెండూ ఘనపుటంగుళాలలో పరిమాణాలు) మారుస్తున్నాను. సిలిండర్లను 4.030 అంగుళాలకు బోరు చేయించి, పాత 3.48 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) క్రాంక్, అంటే పిస్టన్లు తిప్పే ఇరుసు స్థానంలో 3.75 అంగుళాల పోత క్రాంక్‌ను, 5.7 అంగుళాల కనెక్టింగ్ రాడ్లను వేస్తున్నాను. మెయిన్ క్యాపులు బిగించాక క్రాంక్ రెండు వేళ్లతో తిప్పితే తిరిగింది. రింగులు లేకుండా పిస్టన్లు ఎక్కించి తిప్పితే మాత్రం రెండో సిలిండర్ దగ్గర టక్కున ఆగిపోయింది. అక్కడ మార్కర్ పూసి చూడగా, రాడ్ బోల్టు తల ఆయిల్ పాన్ కూర్చునే అంచుకు లోపలి వైపున తగిలి, గోరంత వెడల్పు గీత పడింది. మెషిన్ షాపువారు బ్యాలెన్సింగ్ (తిరిగే భాగాల బరువులు సరితూచడం) కోసం క్రాంక్, రాడ్లు, పిస్టన్లను ఈ వారమే ఇమ్మంటున్నారు. క్యామ్ (వాల్వులను తెరిచే షాఫ్టు) ఇంకా వేయలేదు. ఇచ్చేయవచ్చా?

జవాబు (హ్యూస్టన్ నుంచి)

ఇప్పుడే ఇవ్వకండి. రాడ్ భుజాన్ని ఎక్కడైనా గ్రైండ్ చేయవలసి వస్తే దాని బరువు మారిపోయి, చేయించిన బ్యాలెన్సింగ్ వృథా అవుతుంది. ముందు క్యామ్ వేసి, రెండు గేర్ల చుక్కలు ఎదురెదురుగా ఉండేటట్టు టైమింగ్ చెయిన్ ఎక్కించి, క్రాంక్‌ను నెమ్మదిగా రెండు పూర్తి చుట్లు తిప్పండి. క్యామ్ వేగం క్రాంక్‌లో సగమే కనుక, ఒక చుట్టులో తప్పించుకున్న రాడ్ రెండో చుట్టులో క్యామ్ మీది ఉబ్బుకు (లోబ్‌కు) తగలవచ్చు. ఆ రెండింటి మధ్య సందు కనీసం 60 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే మిల్లీమీటరున్నర ఉండాలి. అంగుళంలో పదహారో వంతు మందమున్న వెల్డింగ్ కడ్డీ ఆ సందులో దూరితే చాలు, వేరే గేజీ అక్కరలేదు. నేను ఒకప్పుడు ముందు రెండు సిలిండర్లు మాత్రమే చూసి ఇంజన్ మూసేశాను. ఆ బద్ధకానికి ఒక క్యామ్ ఖర్చయింది.

బ్లాకు అంచును కొద్దికొద్దిగా గ్రైండ్ చేయవచ్చు, కానీ దాని వెనకే నీళ్ల జాకెట్ ఉంటుంది కాబట్టి సందు చాలినంత రాగానే ఆపేయండి. క్యామ్‌ను మాత్రం ముట్టుకోవద్దు.

మరొక మాట. పాత 400 ఇంజన్ పద్ధతిలో చేసిన పోత క్రాంకులకు బ్యాలెన్సు బరువులో కొంత ముందరి డ్యాంపర్‌లోనూ (క్రాంక్ అదురును తగ్గించే చక్రం), వెనక ఫ్లైవీల్‌లోనూ ఉంటుంది. మీది ఆ రకమైతే 350 డ్యాంపర్ పనికిరాదు. సరైన జత కొని, ఆ రెండింటినీ కూడా షాపుకు పంపాలి.

జవాబు (విజయవాడ ఆటోనగర్ నుంచి)

నేను ఈ ఇంజన్‌ను చూడలేదు కానీ, ఇరవై ఏళ్లుగా క్రాంకులు గ్రైండ్ చేస్తున్నాను. ఇలాంటి ఎనిమిది సిలిండర్ల వీ ఎయిట్‌లో క్రాంక్ మీది ఒకే పిన్ను మీద రెండు రాడ్లు కూర్చుంటాయి. రాడ్ పెద్ద కంటికి (పిన్నును పట్టుకునే రంధ్రానికి) ఒక పక్క అంచు వాలుగా చెక్కి ఉంటుంది. ఆ పక్క క్రాంక్ చెంప వైపు, చదును పక్క తోటి రాడ్ వైపు రావాలి. తిరగబడితే బేరింగ్ అంచు పిన్ను మూలలోని గుండ్రటి వంపు మీదికి ఎక్కి, దానిని రాసేస్తుంది. ఎక్కువ స్ట్రోకు క్రాంకులలో ఆ వంపు పెద్దదిగా ఉండవచ్చు కనుక, దానికి తగ్గట్టు అంచు వాలుగా ఉన్న బేరింగులే తీసుకోండి.

ప్రశ్న అడిగినవారి మాట

ఇద్దరికీ ధన్యవాదాలు. క్యామ్ వేసి కొలిచాను. అయిదు, ఆరు రాడ్ల దగ్గర కడ్డీ దూరలేదు. ఫీలర్ గేజీలో 35 థౌ వచ్చింది. ఆటోనగర్ అన్నగారు చెప్పినట్టే ఒక జత రాడ్లను తిరగేసి వేశాను. బేరింగు అంచున సన్నటి మెరుపు గీత అప్పుడే కనిపిస్తోంది. ఆ బేరింగులు పక్కన పెట్టేశాను. డ్యాంపర్ కూడా 350దే, వాపసు చేస్తున్నాను. రాడ్లు గ్రైండ్ చేయడం కంటే బేస్ సర్కిల్ (ఉబ్బు లేని చోటి గుండ్రం) చిన్నదిగా ఉన్న క్యామ్ తెప్పించడం మేలనిపించి ఆర్డరు పెట్టాను.

జవాబు (హ్యూస్టన్ నుంచి)

మంచి నిర్ణయం. ఆ క్యామ్ వచ్చాక ఎనిమిది రాడ్లనూ మళ్లీ కొలవండి. బ్లాకు గ్రైండింగ్ పూర్తయ్యాక నూనె దారులలోకి బ్రష్ తోసి కడిగించండి. ఇనుప రజను మిగిలితే కొత్త బేరింగులు ఒక్క రోజు కూడా ఆగవు.