25 లక్షల అద్దె మన గెలుపా, మన ఓటమా? లండన్ స్టేడియం లెక్కలు తీద్దాం

ఐరన్స్ అన్న (ఈస్ట్ హామ్)

నిన్న రాత్రి మన వాట్సాప్ గ్రూపులో మొదలైన గొడవని ఇక్కడికి తెచ్చాను. అక్కడ గుడ్ మార్నింగ్ బొమ్మల మధ్య ఎవరు ఏమన్నారో దొరకట్లేదు.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. 2012 ఒలింపిక్స్‌కి స్ట్రాట్‌ఫర్డ్‌లో కట్టిన ఈ స్టేడియాన్ని 2013 మార్చిలో మన ఫుట్‌బాల్ క్లబ్ వెస్ట్ హామ్‌కి 99 ఏళ్ల లీజుకి ఇచ్చారు. అద్దె ఏడాదికి 25 లక్షల పౌండ్లు, ధరలతో పాటు మెల్లగా పెరుగుతుంది. దాన్ని ఫుట్‌బాల్‌కి తగ్గట్టు మార్చడానికి మన క్లబ్ ఇచ్చింది కోటిన్నర. ఆ మార్పులకి అయిన ఖర్చు 32.3 కోట్లు. మొదట వేసిన అంచనా 19 కోట్లే. మిగతాదంతా దాదాపు జనం సొమ్మే.

నా మాట ఇది: తక్కువ అద్దెకి సంతకం పెట్టడం క్లబ్ తప్పు కాదు. ఇంటివాడు తక్కువ చెబితే "వద్దండీ, ఇంకొంచెం పెంచండి" అనే అద్దెదారుణ్ణి మీరెక్కడైనా చూశారా? తప్పు ఇంటివాడిది. అప్పటి ఇంటివాడు మేయర్ బోరిస్ జాన్సన్. అత్త సొమ్ము అల్లుడు దానం. మీరేమంటారు?

లెక్కల మాస్టారు (ఇల్ఫర్డ్)

అన్నా, లక్షలు, కోట్లు అంటే ఎవరికీ అందదు. సీటు లెక్కకి దింపుదాం. ఏడాదికి 25 మ్యాచులు అనుకోండి, మ్యాచుకి లక్ష పౌండ్లు. 60 వేల సీట్లు. అంటే సీటుకి ఒక పౌండు 67 పెన్నీలు. ఆ డబ్బుకి మ్యాచ్ రోజున లోపల టీ కూడా రాదు.

ఇక ఆ టీ డబ్బుల్లో ఏమేం కలిశాయో చూడండి. 2016 ఏప్రిల్‌లో ఒప్పందం కాగితాలు బయటికొచ్చాయి. స్టీవార్డులు (జనాన్ని చూసుకునే సిబ్బంది), కరెంటు, గడ్డి సంరక్షణ, గోల్‌పోస్టులు, ఆఖరికి కార్నర్ ఫ్లాగులు కూడా ఇంటివాడి ఖాతాలోనే. మనం బంతి, ఆటగాళ్లని తీసుకుని వెళితే చాలు.

అసలు చిల్లు సీట్ల దగ్గరుంది. అథ్లెటిక్స్ ట్రాక్ ఉంచాలని పట్టుబట్టారు కాబట్టి కింది అంతస్తు సీట్లని వేసవిలో వెనక్కి జరపాలి, ఫుట్‌బాల్ మొదలయ్యేలోపు మళ్లీ ముందుకు తేవాలి. దీనికి ఏడాదికి 3 లక్షలు చాలనుకున్నారు. 2017 డిసెంబర్‌లో వచ్చిన మూర్ స్టీఫెన్స్ అనే ఆడిట్ సంస్థ నివేదిక నాటికి అది 80 లక్షలు. కుర్చీలు జరపడానికే మన అద్దెకి మూడింతలు! ఆ ఏడాది నష్టం 2.4 కోట్లు ఉంటుందని అదే నివేదిక చెప్పింది. కట్టడం, మార్చడం కలిపితే స్టేడియం మొత్తం ఖర్చు 75 కోట్లు దాటింది.

గుంటూరు గూనర్ (హారో)

ఆర్సెనల్ వాణ్ణి లోపలికి రానిస్తారా?

మేము సుమారు 39 కోట్లు పెట్టి 2006లో సొంత స్టేడియం కట్టుకున్నాం. ఎక్కువ భాగం అప్పే. ఆ అప్పు మెడ మీద ఉన్నన్నాళ్లూ వేసవి వచ్చిందంటే టెన్షన్, ఈసారి ఎవర్ని అమ్ముతారో అని. ఫాబ్రెగాస్ పోయాడు, వాన్ పెర్సీ పోయాడు. అయినా ఇల్లు మాది. మీరు 2023లో మీ ఆటగాడు డెక్లన్ రైస్‌ని మాకే పదిన్నర కోట్లకి అమ్మారు. మాస్టారూ, అది ఎన్నేళ్ల అద్దె?

లెక్కల మాస్టారు

మొదటి ఏడాది అద్దె లెక్కన 42 ఏళ్లు. అడక్కుండా ఉండాల్సింది తమ్ముడూ, ఇప్పుడు నాకు నిద్ర పట్టదు.

ఐరన్స్ అన్న

గూనర్ తమ్ముడూ, "సొంతంగా" అనే మాట దగ్గర ఆగు. మీ స్టేడియం స్థలం కోసం ఇస్లింగ్టన్ కౌన్సిల్ నిర్బంధ భూసేకరణ అధికారం వాడింది. కౌన్సిల్ చెయ్యి లేకుండా ఈ ఊళ్లో ఎవరూ ఇటుక పెట్టలేదు. మీరు అప్పు తీర్చుకున్నారు, ఒప్పుకుంటా. మాకు మాత్రం రాజకీయాలు అంటుకున్నాయని నీతులు చెప్పకు.

బోలిన్ బాబాయ్ (ప్లాస్టో)

మీరంతా సీటు లెక్కలు వేస్తున్నారు గానీ, పోయినదాని లెక్క ఎవరూ వేయట్లేదు.

నేను 2001లో వచ్చాను. గ్రీన్ స్ట్రీట్‌లో శనివారం మధ్యాహ్నం కరివేపాకు, బెండకాయలు కొనుక్కుని సంచీతో నడుస్తుంటే ఎదురుగా మన క్లబ్ ముదురెరుపు, లేత నీలం చొక్కాల్లో వేలమంది. చీరల కొట్లవాళ్లు బయట పెట్టిన బొమ్మల్ని లోపలికి లాక్కునేవాళ్లు. ఒకసారి ఒక ముసలాయన నా సంచీలోంచి బయటికి కనబడుతున్న పొట్లకాయ చూసి ఇదేంటని అడిగాడు. చెప్పాను. ఎలా వండుతారో కూడా అడిగాడు. ఆ తర్వాతి నెలలో ఆయన పక్కన కూర్చుని మొదటి మ్యాచ్ చూశాను. పాలు పోసి వండమన్నాను, వండాడో లేదో తెలియదు.

మన క్లబ్ 1904 నుంచి ఆడిన బోలిన్ గ్రౌండ్ అక్కడే ఉండేది. 2016 మే 10న చివరి మ్యాచ్, మాంచెస్టర్ యునైటెడ్ మీద 3-2. గెలుపు గోల్ విన్‌స్టన్ రీడ్‌ది. ఆ సాయంత్రం మనవాళ్లు కొందరు ఎదుటి జట్టు బస్సు మీద సీసాలు విసిరారు, అది కూడా చెప్పుకోవాలి, మంచే గుర్తుపెట్టుకుంటే ఎలా. తర్వాత గ్రౌండ్ పడగొట్టి ఫ్లాట్లు కట్టారు.

కొత్తదాంట్లో గోల్‌పోస్టు వెనక కూర్చుంటే ట్రాక్ వెడల్పంతా దాటి చూడాలి. ఒలింపిక్స్‌కి గీసిన గిన్నె అది. అద్దె తక్కువే బాబూ, దూరం ఎక్కువ.

ప్రాగ్ పోయొచ్చినోడు (స్ట్రాట్‌ఫర్డ్)

బాబాయ్, గౌరవంతోనే చెప్తున్నా. పాత ఇల్లు తలుచుకుని ఎన్నాళ్లు ఏడుస్తాం? 35 వేల సీట్ల నుంచి 60 వేలు దాటాం. నాలాంటి స్టూడెంట్‌కి టికెట్ దొరికిందంటే అందుకే. 2023 జూన్ 7న ప్రాగ్‌లో ఇటలీ జట్టు ఫియోరెంటినాని 2-1తో కొట్టి యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ కప్పు తెచ్చాం. 90వ నిమిషంలో బోవెన్ ఒక్కడే బంతితో పరిగెడుతుంటే నేను ఊపిరి తీసుకున్నానో లేదో గుర్తులేదు. అద్దె ఆదా కాకపోతే ఆ జట్టు ఉండేదా? నాయకులు మోసపోతే వాళ్ల ఖర్మ.

న్యూహామ్ నీలిమ (ఫారెస్ట్ గేట్)

"వాళ్ల ఖర్మ" కాదు తమ్ముడూ, నా ఖర్మ.

నాకు ఫుట్‌బాల్ తెలియదు, ఇంట్లో ఇద్దరు అభిమానులున్నారు కాబట్టి చదువుతున్నాను. మా కౌన్సిల్ ఈ స్టేడియం భాగస్వామ్యంలో 4 కోట్ల పౌండ్లు పెట్టింది. లాభాలొస్తాయి, పిల్లలకి ఆటలొస్తాయి అన్నారు. 2017లో బయటికొచ్చేసింది, డబ్బు తిరిగి రాలేదు. న్యూహామ్‌లో పేదరికం ఎంతో మీరు నాకంటే ఎక్కువ చూస్తారు, తాత్కాలిక వసతిలో ఎన్ని కుటుంబాలున్నాయో కూడా. ఆ 4 కోట్లు పెట్టింది లేబర్ కౌన్సిల్. బోరిస్ జాన్సన్‌ని ఒక్కడినే తిడితే సగం కథే.

ఇంకోటి. జట్టు కింది డివిజన్‌కి పడిపోతే అద్దె సగానికి తగ్గుతుందట కదా? మా ఆయన నిన్న చెప్తే జోకనుకున్నాను.

లెక్కల మాస్టారు

జోకు కాదు నీలిమ గారూ. ఒప్పందంలోనే ఉంది.

ఓటు వేయని ఓబులేసు (వెంబ్లీ)

అందుకే నేను ఓటే వేయను. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య.

వరసగా చూడండి. లేబర్ ప్రభుత్వం, లేబర్ మేయర్ కలిసి ఒలింపిక్స్ తెచ్చారు. ఆటలయ్యాక 25 వేల సీట్లకి తగ్గించి అథ్లెటిక్స్‌కి ఉంచుతామని మాటిచ్చారు కాబట్టి ఫుట్‌బాల్‌కి పనికొచ్చేలా గీయలేదు. తర్వాత అది తెల్ల ఏనుగవుతుందని భయం పట్టుకుని అద్దెదారు కోసం పరుగెత్తారు. 2011లో ఒకసారి మనకే ఇచ్చి, టోటెన్‌హామ్, లేటన్ ఓరియెంట్ కోర్టుకెక్కితే అదే ఏడాది అక్టోబర్‌లో రద్దు చేశారు. రెండోసారికి బేరమాడే ఓపిక ఎవరికుంది? ఖాళీ స్టేడియం ఫొటో పేపర్లో పడకూడదు, అంతే. కన్జర్వేటివ్ మేయర్ సంతకం పెట్టాడు. అవతల మన వైపు బేరమాడిన వైస్ చైర్మన్ కారెన్ బ్రాడీ. 2014లో ఆవిడని కన్జర్వేటివ్ సభ్యురాలిగా పార్లమెంటు ఎగువ సభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో కూర్చోబెట్టారు. తప్పు జరిగిందని నేననట్లేదు, కానీ ఇది చూసి ఎవరిని నమ్మమంటారు? 2016లో మేయర్‌గా వచ్చిన సాదిక్ ఖాన్ విచారణ వేశాడు, నివేదిక వచ్చింది, నష్టం అలాగే ఉంది.

మాంచెస్టర్ సిటీకి 2003లో ఇలాంటి స్టేడియమే ఇచ్చారు. కానీ అక్కడ 2002 కామన్వెల్త్ క్రీడలకి కట్టేటప్పుడే ఫుట్‌బాల్ అనుకుని గీశారు. ఆటలయ్యాక ట్రాక్ తవ్వేసి, ఇంకా కిందికి సీట్లు దించారు. పైగా సిటీ తన పాత మెయిన్ రోడ్ గ్రౌండుని కౌన్సిల్‌కి అప్పజెప్పింది. మన పాత గ్రౌండ్ మాత్రం బిల్డర్‌కి అమ్ముకున్నాం.

బోలిన్ బాబాయ్

ఇది బాగా చెప్పావు ఓబులేసూ. టోటెన్‌హామ్ వాళ్లు ఒలింపిక్ స్టేడియాన్ని చాలావరకు పడగొట్టి, ట్రాక్ లేకుండా ఫుట్‌బాల్‌కి కట్టుకుంటామన్నారు. అప్పట్లో వాళ్లని రాక్షసులన్నట్టు తిట్టాం, నేనూ తిట్టాను. ఇప్పుడు ఆలోచిస్తే వాళ్ల ప్లాన్‌లో దూరం ఉండేది కాదు.

న్యూహామ్ నీలిమ

ఓబులేసు గారూ, మీ లిస్టు బాగుంది, చివరి లైను బాలేదు. ఒప్పందం కాగితాలు బయటికెలా వచ్చాయి? 14 క్లబ్బుల అభిమాన సంఘాలు కలిసి అడిగాయి. దాచాలని స్టేడియం వాళ్లు ట్రిబ్యునల్ దాకా వెళ్లారు, ఓడిపోయారు. ఆ హక్కు ఇచ్చిన సమాచార చట్టం 2000లో పార్లమెంటు చేసిందే. నాయకులు చేసిన చట్టంతోనే నాయకులు దాచింది బయటపడింది. ఓటు వేయకపోతే ఇలాంటి చట్టం కూడా రాదు.

ఓటు వేయని ఓబులేసు

కాగితం బయటికొచ్చింది. డబ్బు వచ్చిందా?

న్యూహామ్ నీలిమ

రాలేదు. కానీ ఎవరు తిన్నారో తెలియకపోవడం కంటే తెలియడం నయం కదా.

ఐరన్స్ అన్న

ఇక్కడ నేను కొంచెం దిగుతాను. మొదటి పోస్టులో క్లబ్‌ని పూర్తిగా వదిలేశాను, అది తప్పే. అంత చౌకగా దొరికాక మనవాళ్లు ఊరుకున్నారా? సీట్లు 57 వేలా, 66 వేలా అని కోర్టు దాకా వెళ్లారు. ట్రాక్ మీద పరిచే కార్పెట్ ఆకుపచ్చ వద్దు, మన ముదురెరుపే కావాలని తగవు. పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడినట్టు.

2025లో ఫుట్‌బాల్ పరిపాలన చట్టం వచ్చింది, స్వతంత్ర రెగ్యులేటర్‌ని పెట్టారు. ఇకమీద క్లబ్ తన సొంత గ్రౌండ్ అమ్మాలంటే అనుమతి కావాలి, అభిమానులతో మాట్లాడాలి. మంచిదే. మనకి తొమ్మిదేళ్లు ఆలస్యం.

గుంటూరు గూనర్

అన్నా, ఒక సందేహం. 2018లో బర్న్‌లీ చేతిలో 3-0 ఓడినప్పుడు మీ అభిమాని ఒకాయన మైదానంలోకి దూకి కార్నర్ ఫ్లాగు పీకి, సెంటర్‌లో పాతాడు కదా. ఆ ఫ్లాగు ఎవరిది?

లెక్కల మాస్టారు

నీలిమ గారిది.

న్యూహామ్ నీలిమ

పాతాక తిరిగి పెట్టారా?

ఐరన్స్ అన్న

పెట్టే ఉంటారులెండి. నీలిమ గారూ, శనివారం మీ ఇంట్లో ఆ ఇద్దర్నీ తీసుకుని మీరూ రండి. టీ నేను కొంటాను. నా సీటు అద్దె మీరెలాగూ కట్టేస్తున్నారు.

న్యూహామ్ నీలిమ

వస్తాను. గోల్‌పోస్టు వెనక మాత్రం వద్దు.