ఫ్లోరైడ్ ఊళ్లలో పిలకాయలకు ఫ్లోరైడ్ పేస్టు పెట్టాలా, మానాలా?

పీసీపల్లి_తల్లి
మా బోరు నీళ్లలో లీటరుకు 2.8 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉందని ల్యాబు కాగితం. తాగేది ప్లాంటు క్యాను, వంటకు మాత్రం బోరే. పాపకు మూడేళ్లు, 13 కిలోలు. పిల్లోడికి తొమ్మిది, ముందు పళ్ల మీద గోధుమ మరకలు. పేస్టులో ఫ్లోరైడ్ ఉండాల్సిందేనని ఒకరు, దాని జోలికే పోవద్దని ఇంకొకరు. ఏది నమ్మాలి?

ఉదయగిరి_బడిపంతులు
పాపకు వద్దమ్మా. ఆరేళ్లు నిండేదాకా ఫ్లోరైడ్ లేని పేస్టు, లేదంటే ఉత్త బ్రష్షు. ఇది మన నేలకు పాత పీడే. ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు, దాని గురించి దేశంలో తొలి వైద్య నివేదిక 1937లో వచ్చింది, అదీ నెల్లూరు జిల్లా ఊళ్ల మీదే. పొదిలి, దర్శి, కనిగిరి అప్పుడు నెల్లూరులోనివే, ప్రకాశం జిల్లా పుట్టింది 1970లో గదా. అప్పట్నుంచి నీళ్లలో మింగుతూనే ఉన్నాం, మళ్లీ ట్యూబు కొనుక్కొచ్చి మింగించేది దేనికి? మూడేళ్ల పిల్లకు ఉమ్మడం చేతకాదు. పైగా ఆ స్ట్రాబెర్రీ వాసనకు మిఠాయి అనుకొని నాకేస్తారు.

పళ్లడాక్టరు_ఒంగోలు
పంతులుగారూ, కోపం పక్కనబెట్టి లెక్క చూద్దాం. మన దేశంలో పేస్టులో ఫ్లోరైడ్ 1000 పీపీఎం మించకూడదు. అంటే గ్రాము పేస్టులో 1 మిల్లీగ్రాము. బియ్యపు గింజంత పేస్టు 0.1 గ్రాము ఉంటుంది, అందులో ఫ్లోరైడ్ 0.1 మిల్లీగ్రాము. పొద్దున, రాత్రి తోమి అంతా మింగినా 0.2. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు రోజుకు కిలో బరువుకు 0.1 మిల్లీగ్రాము అనేది హద్దు, ఈ పాపకు 1.3 అవుతుంది. గింజంత పేస్టు అందులో ఆరో వంతు కూడా కాదు.

ఇక, నీళ్లలో ఉన్నదే చాలదా అంటారు. మింగిన ఫ్లోరైడ్ వేరు, పంటి మీద ఆగిన ఫ్లోరైడ్ వేరు. తీపి తిన్నాక నోట్లో పుల్లదనం పెరిగి పీహెచ్ (పుల్లదనం పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే దిగిందంటే పంటి పైపొర, అదే ఎనామెల్, కరగడం మొదలవుతుంది. అప్పుడు లాలాజలంలో ఫ్లోరైడ్ ఉంటే కరిగిన కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి పంటికే పడతాయి, ఆ కొత్త పొర దాదాపు 4.5 దాకా తట్టుకుంటుంది. బోరు నీళ్లు పంటిని తాకేది లీటరుకు 2.8తో, గుటకేసినంత సేపు. పేస్టు తాకేది కిలోకు 1000 మిల్లీగ్రాములతో, రెండు నిమిషాలు. రెంటికీ పోలికే లేదు.

ఇంకోటి. ఫ్లోరోసిస్ పంటికి పిప్పి పట్టదనేది ఒట్టి మాట. ముదిరిన పంటికి గుంటలు పడి, పైపొర పెచ్చులూడి, అక్కడే తిండి ఇరుక్కుంటుంది.

ఉదయగిరి_బడిపంతులు
మీ లెక్కలో తప్పు లేదు సార్. గింజంత ఎవరు పెడతారు అనేదే నా గోల. టీవీలో చూపించేది బ్రష్షు ఈ చివరి నుంచి ఆ చివరికి మూడు వంపుల పేస్టు. అది గ్రాము. పిల్ల సగం మింగితే పూటకు అర మిల్లీగ్రాము, రెండు పూటలకు 1. మీరు చెప్పిన 1.3లో ముప్పాతిక పేస్టుకే పోయింది. కాగితం మీద బియ్యపు గింజ, బాత్రూములో చిక్కుడు గింజ.

బోరుబావి_పొదిలి
ఇద్దరూ పేస్టు దగ్గరే ఆగిపోయారు. ఆ తల్లి "వంటకు బోరే" అన్నది ఎవరూ పట్టించుకోలేదు. అసలు దెబ్బ అక్కడుంది.

గ్లాసు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోస్తే ఫ్లోరైడంతా అన్నంలోనే మిగులుతుంది. సంగటికైతే నీళ్లు ఇంకా ఎక్కువ. పిల్ల రోజూ తినే అన్నంలోకి 300 మిల్లీలీటర్లు, పప్పూ చారులోకి 200 అనుకోండి. 2.8తో గుణిస్తే 1.4. పేస్టు ముట్టకుండానే హద్దు దాటింది! గంజి వారిస్తే కొంత పోతుంది, ఆ గంజి పిల్లకే తాగిస్తే మళ్లీ మొదటికే. నీళ్లు మరిగిస్తే పోతుందనుకోవద్దు. లీటరు నీళ్లు ముప్పావుకు ఇగిరితే 2.8 కాస్తా 3.7 అవుతుంది.

నలుగురికి వంట నీళ్లు రోజుకు నాలుగైదు లీటర్లు. నాలుగు రోజులకు ఒక 20 లీటర్ల క్యాను అదనంగా తెప్పిస్తే సరిపోతుంది. గిన్నెలు కడగడానికి, స్నానానికి బోరు నీళ్లు వాడుకోవచ్చు, చర్మం గుండా లెక్కించదగినంత లోపలికి పోదు.

ప్లాంటోళ్లు చూపించే పెన్ను లాంటి మీటరు టీడీఎస్, అంటే నీళ్లలో కరిగిన లవణాల మొత్తం, చెబుతుంది, ఫ్లోరైడ్ చెప్పదు. రుచి కోసమని శుద్ధి చేసిన నీళ్లలో బోరు నీళ్లు కలుపుతుంటారు. నాలుగో వంతు కలిపితే 0.7 తిరిగొచ్చినట్టే.

దర్శి_ఫార్మసిస్ట్
ట్యూబు వెనక చిన్న అక్షరాలు చదవండి. సోడియం ఫ్లోరైడ్ 0.22 శాతం అన్నా, సోడియం మోనోఫ్లోరోఫాస్ఫేట్ 0.76 శాతం అన్నా రెండూ 1000 పీపీఎమ్మే. పిల్లల పేస్టుల్లో 500 చుట్టుపక్కల ఉండేవీ దొరుకుతాయి. ఆకుపచ్చ డబ్బా, మూలికల బొమ్మ చూసి ఫ్లోరైడ్ లేదనుకోవద్దు. కొన్నింట్లో ఉంటుంది, కొన్నింట్లో ఉండదు.

ట్యూబు మాత్రం పిల్లకు అందకుండా పెట్టండి. కిలోకు 5 మిల్లీగ్రాములు లోపలికి పోతే విషమనే లెక్కన 13 కిలోల పిల్లకు 65 గ్రాముల పేస్టు. అంత మింగిందని అనుమానం వస్తే పాలు తాగించి వెంటనే ఆసుపత్రికి. కక్కించే ప్రయత్నం చేయొద్దు.

సిఎస్‌పురం_కుర్రోడు
పిల్లోడి మరకల సంగతి ఎవరూ చెప్పలేదేంది? మా వైపు బొగ్గు, ఇటుక పొడి, నిమ్మకాయ మీద ఉప్పు రుద్దుతారు.

పళ్లడాక్టరు_ఒంగోలు
అవన్నీ పంటిని అరగదీస్తాయి తమ్ముడూ. నిమ్మకాయ ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది, ఆ మెత్తబడిన దాని మీద ఇటుక పొడి రుద్దుతారు. నెల తిరక్కముందే చల్లనీళ్లకు జివ్వుమంటుంది. ఆ మరక పైన అంటుకున్న గార కాదు. పన్ను తయారయ్యేటప్పుడే గుల్లబారిన పొరలోకి, పన్ను బయటికొచ్చాక రంగు ఎక్కింది. లోతు తక్కువుంటే మైక్రోఅబ్రేషన్ చేస్తాం. చిగురుకు రబ్బరు తెర కట్టి, 6.6 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం కలిసిన మందుతో కొన్ని సెకన్లు రుద్ది కడగడం, మళ్లీ రుద్దడం. మొత్తమ్మీద పోయేది 100 నుంచి 200 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్), ముందు పంటి ఎనామెల్ మందం దాదాపు మిల్లీమీటరు. తెర కట్టకుండా ఎవరైనా "యాసిడ్ క్లీనింగ్" చేస్తామంటే లేచి వచ్చేయండి. తొమ్మిదేళ్లకు క్యాపులు అసలే వద్దు, లోపల నరం గది ఇంకా పెద్దదిగా ఉంటుంది, చిగురూ కుదురుకోలేదు.

ఆ పిల్లోడికి పేస్టు గురించి తగువే లేదు. తొమ్మిదేళ్లకు జ్ఞానదంతాలు తప్ప మిగతా పళ్ల ఎనామెల్ తయారైపోయింది, ఇక కొత్తగా మరక పడేది లేదు. 1000 పీపీఎం పేస్టు బఠాణీ గింజంత. తోమాక ఉమ్మేయాలి, గ్లాసు నీళ్లతో పుక్కిలించి అంతా కడిగేయకూడదు.

ఉదయగిరి_బడిపంతులు
పిల్లోడి విషయంలో సరే సార్. పాపకు మాత్రం నీళ్ల కాగితం చూడకుండా పేస్టు రాయడం తప్పంటాను.

పళ్లడాక్టరు_ఒంగోలు
అది ఒప్పుకుంటా. వంట నీళ్లు మారేదాకా పాపకు ఉత్త బ్రష్షు, రాత్రి పాలసీసా బందు. నీళ్లు మార్చాక గింజంత పేస్టు, అదీ పెద్దవాళ్లే బ్రష్షు మీద పెట్టి, వాళ్లే తోమాలి. ముందు పళ్లకు మరక పడే గడ్డు కాలం పదిహేను నుంచి ముప్పై నెలల మధ్య, పాపకు అది దాటిపోయింది. దవడ పళ్లు ఇంకా తయారవుతున్నాయి కాబట్టి జాగ్రత్త ఎనిమిదేళ్ల దాకా. ఆరేళ్ల దాకా ఆగమనే మీ మాట మాత్రం ఒప్పుకోను. అప్పటికి పాలపళ్లలో సగం పిప్పి పట్టి, కింద కొత్త పన్ను దారి తప్పుతుంది.

ఉదయగిరి_బడిపంతులు
చదువుకున్న తల్లి కాబట్టి గింజంత పెడుతుంది. పొలం పనికి పోయి వచ్చే తల్లికి నేను ఉత్త బ్రష్షే చెబుతా. మీరు ఇంకోటి చెప్పుకోండి.

పీసీపల్లి_తల్లి
రేపట్నుంచి వంటకూ క్యానే. ఆ క్యాను నీళ్లు పరీక్షకు ఎలా పంపాలి?

బోరుబావి_పొదిలి
గ్రామీణ నీటి సరఫరా వాళ్ల ల్యాబుకు ఇవ్వండమ్మా. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజును పట్టుకుంటుంది. లీటరు ప్లాస్టిక్ సీసా తీసుకొని, సబ్బు పెట్టకుండా, అవే క్యాను నీళ్లతో మూడుసార్లు తొలిచి నింపండి. మూత మీద తేదీ, ప్లాంటు పేరు రాయండి. బోరు నీళ్లది ఇంకో సీసా కూడా ఇవ్వండి, ఎండాకాలం మట్టం దిగాక 2.8 అలాగే ఉంటుందని నమ్మకం లేదు.