సంతకం లేని షుంగా అచ్చు: మొరొనోబుదా, సుగిమురా జిహేయిదా?

ఈ షుంగా (జపాన్ శృంగార చిత్రం) ఎవరిదో తేల్చడానికి సాయం కావాలి. అడ్డంగా 27 × 37 సెం.మీ. కాగితం. చెక్క దిమ్మెతో నల్లసిరా గీతలు మాత్రమే అచ్చువేసి, నారింజ రంగు చేత్తో పూశారు. నడుమ మడత ఉంది కాబట్టి ఏదో ఆల్బమ్ నుంచి విడదీసిందే అయ్యుండాలి. సంతకం లేదు.

అమ్మినవాళ్లు 17వ శతాబ్దపు జపాన్ చిత్రకారుడు మొరొనోబుది అన్నారు. నాకైతే సుగిమురా జిహేయి అనిపిస్తోంది. 1680ల్లో ఎడోలో (నేటి టోక్యో) పనిచేసిన ఈ చిత్రకారుడి బొమ్మలు చాలాకాలం మొరొనోబు ఖాతాలోనే ఉండిపోయాయి, పాపం. బట్టల మీది డిజైన్‌లో తన పేరు దాచడం ఈయన అలవాటు. ఇందులోనూ స్త్రీ ఎడమ చేతి మడత దగ్గర, పూల మధ్య రెండు అక్షరాలున్నాయి. మొదటిది 'సుగి'లా ఉంది, రెండోదాన్ని పురుగు తినేసింది.

నారింజ రంగు అంచుల్లో నల్లబడింది. సీసం కలిసిన రంగు అలాగే మారుతుంది, కానీ పాత అచ్చుకు తర్వాత కూడా రంగు పూస్తారు గనక దాన్నిబట్టి కాలం చెప్పలేం. అసలు అచ్చును చూసి తర్వాతెవరైనా దిమ్మె మళ్లీ చెక్కారేమోనన్నదే నా అనుమానం. ఎందుకంటే జుట్టు గీతలు మరీ ఒకే మందంలో ఉన్నాయి.

ఇదే బొమ్మ ఇంకో ప్రతి ఎవరైనా చూశారా? తెర కింది అంచు గీత కుడివైపు 4 మి.మీ. తెగి ఉంది. అక్కడే తెగితే దిమ్మె ఒకటే. తెగకపోతే జుట్టు, ఆ అక్షరాలు దగ్గరగా ఫొటో తీసి పెట్టండి, పక్కన స్కేలు ఉంచి.