గ్రీకు కంచు ముఖం: మెడలో బిళ్ళా, బిందె ముక్కా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)
నమస్తే అండీ, ఒక మ్యూజియం సైట్లో ఫొటో చూసాను, పాత గ్రీకు కంచు ముక్క, అరచేతిలో పట్టేంత, గెడ్డం ఉన్న ముఖం, తలమీద ఆకుల దండ, కింద డయోనిసస్ అని రాసుంది. మా మావయ్యేమో ఇది మెడలో ఏసుకునే బిళ్ళే అని పట్టుబట్టీసాడు, నాకేమో తాడు దూర్చడానికి చిల్లే కనబడలేదు, వెనకాలంతా గుల్లగా గరిటెలాగుంది. ఇంతకీ ఇదేటి?

జవాబు (బరంపురం)
బిళ్ళ కాదు బాబూ. మాది కంచరి ఇల్లు, అలా వెనక గుల్లగా ఉందంటే దేనికో అతికించిందే. గ్రీకుల నీళ్ళ బిందెని హైడ్రియా అంటారు, మూడు పిడులు, రెండు ఎత్తడానికి, ఒకటి వంచి పోయడానికి. ఆ మూడో పిడి కింద కొసన ఇలాంటి ముఖాలు మాటు పెట్టి, అంటే లోహం కరిగించి, అతికించేవాళ్ళు. బిందె ఒళ్ళు రేకు కొట్టి చేసింది, పల్చన, మట్టిలో తినేసి పొడైపోద్ది. ముఖం పోత పని, మందం, అందుకే అదొక్కటే మిగుల్తుంది.
ఇంకోటి, దాన్ని మన చెంబుల్లా చింతపండేసి తోమకూడదు, ఆ ఆకుపచ్చ చిలుమే దానికి కాపు. లేతాకుపచ్చ పొడి రాలితే మాత్రం రోగం పట్టినట్టే.

జవాబు (రాయగడ)
చెవులు చూసారా? గుర్రం చెవులైతే డయోనిసస్ కాదు, ఆయన వెంట తిరిగే సైలీనస్. మనిషి చెవులు, ఐవీ తీగ దండ ఉంటే ఆయనే, ద్రాక్షసారా దేవుడు. గెడ్డం ఉందంటే పాత పద్ధతి, క్రీ.పూ. 4వ శతాబ్దానికి ఆయన్ని నున్నటి కుర్రాడిలా చెయ్యడం మామూలైపోయింది.

జవాబు (సిరొంచ)
గంత దూరం ఎందుకు, మా మహారాష్ట్రలనే ఉన్నది. కొల్హాపూర్ల పంచగంగ ఒడ్డున బ్రహ్మపురి దిబ్బల 1940లల్ల పొసైడన్ కంచు బొమ్మ దొరికింది, సముద్రం దేవుడు. గ్రీకు నమూనా మీద రోమన్ల కాలంల చేసింది, వర్తకంల ఇటు వచ్చింది అంటరు. టౌన్ హాల్ మ్యూజియంల పెట్టిన్రు, మా సిరొంచ నుంచి పోవుడంటే రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు, అయినా పోవాలె.

ప్రశ్న వేసినవారు
చెవులు మనిషివేనండి, జూమ్ చేసి చూసాను. మావయ్యకి అంతా చదివి వినిపించాను, ఏటీ మాటాడలేదు, లేచెళ్ళి అటకమీద మా నాయనమ్మ పిడి ఊడిన చెంబు దించాడు, పిడి ఉన్నచోట బూడిదరంగు మాటు మరక ఇంకా ఉంది.