క్యాంపస్‌లో ముఖం కప్పుకోవద్దని రూల్ పెడితే? బుర్ఖా, నఖాబ్, డ్రెస్ కోడ్ మీద మీరేమంటారు

పాలమూరు లెక్చరర్:
మాది మహబూబ్‌నగర్ జిల్లాలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ, పేరు వద్దు. వచ్చే సెమిస్టర్ నుంచి డ్రెస్ కోడ్ అంటూ మేనేజ్‌మెంట్ ఒక ముసాయిదా తిప్పుతోంది. యూనిఫాం, ఐడీ కార్డు సంగతి సరే, వాటి మీద ఎవరికీ పేచీ లేదు. చివర్లో ఒక వాక్యం ఉంది: "క్యాంపస్‌లో ముఖం కప్పుకోరాదు, మతపరమైన దుస్తులు, చిహ్నాలు ధరించరాదు." స్టాఫ్ మీటింగ్‌లో మా అభిప్రాయం అడుగుతారట. మా దగ్గర బుర్ఖాతో వచ్చే అమ్మాయిలు చాలామందే ఉన్నారు. ఎక్కువమంది గర్ల్స్ వెయిటింగ్ హాల్లో బుర్ఖా తీసి మడిచి బ్యాగులో పెట్టుకుని స్కార్ఫ్‌తో క్లాసుకు వస్తారు. నఖాబ్‌తో, అంటే కళ్లు మాత్రమే కనబడేట్టు, క్లాసులో కూర్చునేవాళ్లు కొద్దిమంది. ఇన్నేళ్లుగా లేని గొడవ ఇప్పుడెందుకో నాకు అర్థం కాలేదు, అయినా అవతలి వాదన కూడా వినాలని అడుగుతున్నాను. బూతులు రాసేవాళ్లకు జవాబివ్వను.

నల్లగొండ కుర్రోడు:
సార్, నేను సూటిగా చెప్తా. కాలేజీ అంటే అందరూ ఒకటే అనిపించాలి, యూనిఫాం పెట్టేదే అందుకు. ఒకరికి మినహాయింపు ఇస్తే రేపు నేను కాషాయ కండువాతో వస్తా, ఇంకొకడు ఇంకో రంగుతో వస్తాడు, అప్పుడు మీరు ఏ ముఖంతో ఆపుతారు? కర్ణాటకలో 2022లో జరిగింది ఇదే కదా. ఇంకో మాట, 2022 అక్టోబర్‌లో గ్రూప్-1 ప్రిలిమ్స్ అప్పుడు ఆదిలాబాద్‌లో ఆడవాళ్ల గాజులు, పుస్తెలు తీయించారని, బుర్ఖాను మాత్రం పోనిచ్చారని ఎంత రచ్చయిందో గుర్తుందా. రూల్ అంటే అందరికీ ఉండాలి, లేదా ఎవరికీ ఉండొద్దు. నాకు ముస్లిం దోస్తులు ఉన్నారు, వాళ్ల మీద నాకేం కోపం లేదు. ముఖం కనబడని మనిషి పక్కన కూర్చుని గ్రూప్ ప్రాజెక్టు ఎట్ల చేస్తారో చెప్పండి చాలు.

జడ్చర్ల బీకాం:
నేను నఖాబ్ వేసుకుంటాను, ఫైనలియర్. గ్రూప్ ప్రాజెక్టు ఎట్ల చేస్తారు అని అడిగారు కదా అన్నా, ఎక్సెల్ షీట్ నేనే చేశాను, ప్రెజెంటేషన్ కూడా నేనే ఇచ్చాను, నా గొంతు వెనక బెంచీ దాకా వినబడింది. పరీక్షకు పోతే మేడమ్ పక్క గదిలోకి పిలుస్తారు, ముఖం చూపిస్తాను, హాల్ టికెట్ ఫోటోతో పోల్చుకుంటారు, నిమిషం పట్టదు. ఐడీ కార్డు మీద నా ముఖం మొత్తం ఉంది, అక్కడ కూడా కప్పుకోనిస్తారని అనుకుంటున్నారేమో. నాకు ఎవరూ బలవంతం చేయలేదు. మా అమ్మీ నఖాబ్ వేసుకోదు, బుర్ఖా ఒక్కటే. ఈ సంగతి చెప్పినా ఎవరూ నమ్మరు, అది వేరే విషయం. నాకు టెన్షన్ ఒకటే, రూల్ వస్తే మా అబ్బా ఏమంటారో. ఆయన గొడవపడే మనిషి కాదు. "ఇజ్జత్ పోతుంది, ప్రైవేటుగా కట్టుకో" అంటారు. అంటే ఇంట్లో కూర్చుని పరీక్షలు రాయడం. అటెండెన్స్ 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ కూడా పోతుంది కదా సార్.

కోర్టు మెట్లు:
నల్లగొండలో ప్రాక్టీసు చేస్తాను. ముందు కర్ణాటక సంగతి సరిగ్గా చెప్పుకుందాం, ఎందుకంటే ప్రతివాడూ దాన్ని తన వైపు లాగుతాడు. ఉడుపిలో ఒక ప్రభుత్వ పీయూ కాలేజీలో, అంటే మన ఇంటర్ కాలేజీ లాంటి దాంట్లో, మొదలైంది. 2022 ఫిబ్రవరి 5న ప్రభుత్వం యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. మార్చి 15న హైకోర్టులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం, హిజాబ్, అంటే తల మీది బట్ట, ఇస్లాంలో తప్పనిసరి ఆచారం కాదని, యూనిఫాం పెట్టడం సమంజసమైన ఆంక్షేనని తీర్పు చెప్పింది. అక్టోబర్ 13న సుప్రీంకోర్టులో ఇద్దరు జడ్జీలు రెండు దారులు పట్టారు. జస్టిస్ హేమంత్ గుప్తా అప్పీళ్లను కొట్టేశారు, జస్టిస్ సుధాంశు ధూలియా హైకోర్టు తీర్పునే పక్కన పెట్టాలన్నారు. ధూలియా గారు మతంలో తప్పనిసరా కాదా అన్న లెక్కలోకే పోలేదు. అది ఆ పిల్ల ఇష్టం, ఆడపిల్ల చదువు ఆగకూడదు, అదీ ఆయన వాదన సారం. భిన్న తీర్పు కాబట్టి విషయం పెద్ద ధర్మాసనానికి పోవాలి. కాబట్టి "సుప్రీంకోర్టు నిషేధించింది" అనేవాడూ, "సుప్రీంకోర్టు అనుమతించింది" అనేవాడూ ఇద్దరూ సగమే చెప్తున్నట్టు.

ఇక మీ ముసాయిదాకు దగ్గర్లో ఉన్నది ముంబై కేసు. చెంబూరులో ఒక కాలేజీ హిజాబ్, టోపీ, బ్యాడ్జీలు వద్దని సర్క్యులర్ ఇస్తే, 2024 ఆగస్టు 9న సుప్రీంకోర్టు దాని మీద కొంతవరకు స్టే ఇచ్చింది. మరి తిలకం, బొట్టు కూడా ఆపుతారా అని జడ్జీలు అడిగారు. అదే ఉత్తర్వులో క్లాసులో బుర్ఖా, అంటే ముఖం కప్పుకోవడం, కుదరదన్నారు. తల మీది బట్టనూ ముఖం మీది బట్టనూ అక్కడ విడిగా చూశారు, అది మధ్యంతర ఉత్తర్వే అనుకోండి. మీ మేనేజ్‌మెంట్‌కు అనుకూలమైనది కూడా ఒకటి చెప్పాలి: 2018లో కేరళ హైకోర్టు ఒక ప్రైవేటు స్కూలు కేసులో, విద్యార్థి వ్యక్తిగత హక్కు కన్నా సంస్థ నడిపే హక్కుదే పైచేయి అంది. ప్రైవేటు కాలేజీ కాబట్టి వాళ్ల లాయరు మొదట పట్టుకునేది దాన్నే.

షహర్ అమ్మాయి:
ఎమ్మెస్సీ చదివాను, నల్లగొండలోనే పుట్టి పెరిగాను, తల మీద ఏమీ వేసుకోను, నమాజ్ మాత్రం వదలను. బీకాం చెల్లె చెప్పింది నేను నమ్ముతాను, తనది తన ఇష్టమే కావచ్చు. కానీ ఇష్టం అనే మాటతో అందరి కథా ఒడవదు. మా గల్లీలో ఇంటర్‌లో స్కార్ఫ్, డిగ్రీకి బుర్ఖా, సంబంధాలు చూసే టైంకు నఖాబ్, ఇట్ల మెట్లు ఎక్కించినోళ్లు నాకు తెలుసు. ఎవరూ కొట్టరు, తిట్టరు. ఖాలా ఒక మాట అంటుంది, పక్కింటామె ఒక మాట అంటుంది, అంతే. అలాంటి ఇంట్లో అమ్మాయికి "కాలేజీలో రూల్ ఉంది అమ్మీ, నేనేం చేయను" అనే సాకు దొరికితే లోపల ఎంత సంతోషిస్తుందో మీకు తెలియదు. నాతో చదివిన ఒకామె బస్టాండు దాకా నఖాబ్‌తో వచ్చి అక్కడ తీసేసేది, వాపస్ పోయేటప్పుడు మళ్లీ కట్టుకునేది. 2019లో కేరళలో ముస్లిం ఎడ్యుకేషనల్ సొసైటీ తన కాలేజీల్లో ముఖం కప్పుకోవద్దని సర్క్యులర్ ఇచ్చింది, వాళ్లు ముస్లింలే. 2009లో ఈజిప్టులో అల్ అజహర్ అనే పెద్ద ఇస్లామిక్ విద్యాసంస్థ పెద్ద, షేక్ తంతావీ, అమ్మాయిలే ఉండే క్లాసుల్లో నఖాబ్ అక్కర్లేదన్నారు. వాళ్లనూ ఇస్లాం శత్రువులు అంటారా?

కాబట్టి నా లెక్క: క్లాసులో ముఖం తెరవాలి, తల మీద ఏం వేసుకుంటే వాళ్లకెందుకు. గేటు దగ్గర ఆపడం మాత్రం దుర్మార్గం.

జడ్చర్ల బీకాం:
బాజీ, మీరు చెప్పిన ఆ బస్టాండు అమ్మాయి గురించి నాకు బాధే. ఆమెకు సాకు కావాలి కాబట్టి నాకు రూల్ పెడతారా? ఆమె ఇంట్లో మాట్లాడాల్సింది ఆమె అమ్మతో. నా ముఖంతో ఆమె సమస్య తీరదు.

షహర్ అమ్మాయి:
తీరదు, నిజమే. కానీ అమ్మతో మాట్లాడమని చెప్పడం ఎంత సులువో అనేది ఆ ఇంట్లో ఉన్నోళ్లకే తెలుస్తుంది.

రిటైర్డ్ హిస్టరీ:
ఇద్దరు అమ్మాయిలూ బాగా రాశారు. నేను నల్లగొండలో చాలాకాలం చరిత్ర చెప్పినవాణ్ని కాబట్టి కాస్త పాతది చెప్తాను, విసుక్కోకండి. పరదా అనేది ముస్లింల ఇళ్లకే పరిమితమని ఇప్పటి పిల్లలు అనుకుంటున్నారు. మన తెలంగాణలో దొరల గడీల్లో ఆడవాళ్లకు ఘోషా ఉండేది, తెర కట్టిన బండిలో తప్ప బయటికి రాలేదు, వాళ్లు హిందువులే. హైదరాబాద్‌లో మహబూబియా బాలికల పాఠశాల 1907లో పెట్టినప్పుడు పరదా పాటించే ఇళ్ల పిల్లలు రావాలనే లోపలి ఏర్పాట్లన్నీ అలా చేశారు. పరదా తీస్తేనే బడి అని ఉంటే ఆ తరం ఆడవాళ్లు అక్షరం దిద్దేవాళ్లు కాదు. వాళ్లు చదివారు, వాళ్ల మనవరాళ్లలో చాలామంది పరదా వదిలేశారు, కొంతమంది ఇప్పుడు మళ్లీ తొడుక్కున్నారు, అది నాకూ నచ్చలేదు, నచ్చకపోవడం వేరు, ఆపడం వేరు.

ఇంకోటి, ఫ్రాన్సును ఉదాహరణగా తెచ్చేవాళ్లుంటారని ముందే రాస్తున్నా. అక్కడ 2004 చట్టం మతచిహ్నాలను ప్రభుత్వ బడుల్లోనే ఆపింది, యూనివర్సిటీల్లో కాదు. యూనివర్సిటీ పిల్లలు పెద్దవాళ్లు అన్నదే కారణం. ముఖం కప్పుకోవడం మీద 2010లో వేరే చట్టం చేశారు, అది బజారుకూ వర్తిస్తుంది. టర్కీలోనేమో యూనివర్సిటీల్లో తలగుడ్డనే ఏళ్ల తరబడి ఆపారు, కొందరు అమ్మాయిలు విగ్గు పెట్టుకుని క్లాసుకు పోయారు, డబ్బున్న ఇళ్ల పిల్లలు విదేశాలకు పోయారు, లేనివాళ్లు ఇంట్లో కూర్చున్నారు. తర్వాత 2010 దాటాక ఆ నిషేధాన్నీ ఎత్తేశారు. మన డిగ్రీ పిల్లలూ 18 దాటినవాళ్లే, ఓటు వేస్తున్నారు.

నల్లగొండ కుర్రోడు:
సార్ పెద్దవారు, మీతో వాదించను. కానీ పరీక్షల్లో మోసం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. టీఎస్‌పీఎస్సీ లీకేజీ కేసులో బ్లూటూత్‌తో ఏఈఈ (ఇంజనీరు ఉద్యోగాల) పరీక్ష రాయించారని 2023లో బయటపడింది, మర్చిపోయారా? చెవి కనబడకపోతే ఎట్ల?

కోర్టు మెట్లు:
చెవి చూడాలంటే చూడొచ్చు తమ్మీ, దానికి నిషేధం అక్కర్లేదు. 2016లో కేరళ హైకోర్టు అఖిల భారత మెడికల్ ఎంట్రన్స్ రాసే అమ్మాయిలకు హిజాబ్‌తో రాయనిచ్చింది, షరతు ఏమిటంటే అరగంట ముందే రావాలి, మహిళా ఇన్విజిలేటర్ తనిఖీ చేస్తుంది. ఇప్పుడు నీట్ సూచనల్లోనూ మతాచార దుస్తులతో వచ్చేవాళ్లు తనిఖీకి ముందుగా రావాలని ఉంటుంది. నువ్వన్న బ్లూటూత్ కేసులో ఎవరైనా బుర్ఖాలో దాక్కుని కాపీ కొట్టారని నేనెక్కడా చదవలేదు. 2023 జూన్‌లో హైదరాబాద్ సంతోష్‌నగర్‌లో ఒక కాలేజీలో పరీక్షకు ముందు బుర్ఖాలు తీయించారని గొడవైంది చూశారా. పరీక్ష టైం పోయేట్టు గేటు దగ్గర నిలబెట్టారన్నది కూడా అక్కడి అమ్మాయిల బాధ.

మిర్యాలగూడ కెమిస్ట్రీ:
ల్యాబ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. బున్‌సెన్ బర్నర్ దగ్గర వదులుగా వేలాడే ఏ బట్టా నేను ఒప్పుకోను, అది నఖాబ్ కానీ, చున్నీ కానీ, ఆ మధ్య ఒక అబ్బాయి అయ్యప్ప మాలతో వచ్చి మెడలో నల్ల కండువా వేలాడేసుకుంటే అది కానీ. పిన్ను పెట్టి లోపల దోపుకోమంటాను, దోపుకుంటారు, గొడవ లేదు. ఒక్క అమ్మాయి కూడా నాతో వాదించలేదు, ఎందుకంటే కారణం కంటి ముందు మండుతూ ఉంటుంది. మీ ముసాయిదాకు అట్లాంటి కారణం ఏదైనా ఉందా అన్నదే నా ప్రశ్న. "ముఖం కప్పుకోరాదు" అని క్యాంపస్ మొత్తానికి రాస్తే ఎండాకాలం స్కూటీ మీద వచ్చే అమ్మాయిల సంగతేంటి? మా ఊళ్లో దుమ్ముకూ ఎండకూ అందరూ చున్నీ ముఖానికి చుట్టుకునే వస్తారు, కులమతాలు లేకుండా. వాచ్‌మన్ ఎవరిని ఆపుతాడో, ఎవరిని పోనిస్తాడో నాకు ఇప్పుడే తెలుసు.

నల్లగొండ కుర్రోడు:
అది మాత్రం పాయింటే. అయినా క్లాసు సంగతి మీరంతా తప్పించుకుంటున్నారు. టీచర్‌కు ఎదురుగా ఉన్న మనిషికి అర్థమైందా లేదా అనేది ముఖం చూస్తేనే తెలుస్తుంది.

మిర్యాలగూడ కెమిస్ట్రీ:
కరోనా తర్వాత కాలేజీలు తెరిచినప్పుడు అందరి ముక్కూ మూతీ మాస్కులోనే ఉన్నాయి, పాఠం చెప్పలేదా? కష్టమైంది, అది ఒప్పుకుంటా. చెప్పడం మాత్రం ఆగలేదు.

పాలమూరు లెక్చరర్:
అన్నీ చదివాను. నేను మీటింగ్‌లో ఏమనబోతున్నానో రాస్తాను, తిట్టేవాళ్లు తిట్టండి. "మతపరమైన దుస్తులు, చిహ్నాలు" అన్న ముక్క మొత్తం కొట్టేయమంటాను. అది ఉంచితే బొట్టు, మాల, కడియం, తాయెత్తు అన్నీ అందులోకే వస్తాయి, వాటిని ఆపే ధైర్యం మేనేజ్‌మెంట్‌కు లేదు, అప్పుడు రూల్ కాగితం మీద అందరికీ, గేటు దగ్గర మాత్రం ఒకరికే ఉంటుంది. ముఖం సంగతికొస్తే, ఎక్కడ అవసరమో అక్కడ అడుగుతాం: అడ్మిషన్ ఫోటో, పరీక్ష హాలు, వైవా, ల్యాబ్‌లో భద్రత. మామూలు క్లాసులో షహర్ అమ్మాయి వాదన బలంగానే ఉంది, ముంబై ఉత్తర్వు కూడా అటే ఉందని వకీలు గారు రాశారు. అయినా నేను ఆ పక్క ఓటెయ్యను. క్లాసులో కూర్చున్న నఖాబీ పిల్లకు నేను రేపో ఎల్లుండో ఏదైనా చెప్పగలను, ప్రైవేటుగా కట్టుకుని ఇంట్లో ఉన్న పిల్లకు ఏం చెప్పను?

షహర్ అమ్మాయి:
సార్, వైవా అన్నారు. బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్ మగవాడైతే? అప్పుడు ముఖం తెరవమంటారా లేదా, అది రాయకపోతే గొడవ మళ్లీ అక్కడే మొదలవుతుంది.

జడ్చర్ల బీకాం:
ఇది నేనూ అడగాలనుకున్నా. పోయిన సెమిస్టర్‌లో మా సెంటర్‌లో మహిళా ఇన్విజిలేటర్ ఒక్కరే, ఆమె లీవ్ పెట్టిన రోజు నేను బయట నిలబడి ఆఫీసులో అటెండర్ అక్కను పిలిపించుకున్నా. ప్రశ్నపత్రం ఇచ్చాక లోపలికి పోయాను.

పాలమూరు లెక్చరర్:
వైవాలో మేడమ్ ముందుగా ముఖం చూసి సంతకం పెడితే, ఆ తర్వాత ఎగ్జామినర్ ముందు కప్పుకోవాలా తెరవాలా అన్నది అమ్మాయి ఇష్టం, అలా రాయిస్తాను. ఎగ్జామినర్ ఒప్పుకోకపోతే ఏం చేయాలో ప్రిన్సిపాల్‌ను అడగాలి. ప్రతి పరీక్షకూ కనీసం ఇద్దరు మహిళా స్టాఫ్ ఉండాలన్నది కూడా పెడతాను, దానికి ఖర్చవుతుంది కాబట్టి మేనేజ్‌మెంట్ నసుగుతుంది. సోమవారం మీటింగ్ ఉంది, ఏమైందో ఇక్కడే రాస్తాను.